టేపు మెడకు కూడా వేయించుకోండి

అందరికీ నమస్కారం. వాకింగ్ మధ్యలో ఆపి మరీ కూర్చున్నారు, సాగదీయను.

ఇందాక ఆ బల్ల దగ్గర నడుము కొలిపించుకున్నారు కదా, మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ఎక్కువ కిందే లెక్క. అదీ, బీపీ 130/85, పరగడుపు షుగర్ 100, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 150, మంచి కొలెస్ట్రాల్ తగ్గడం... ఈ ఐదింటిలో ఏ మూడు పట్టుకున్నా మెటబాలిక్ సిండ్రోమ్ అంటాం, అంటే గుండెజబ్బు, షుగర్ ముప్పు పెంచే లక్షణాల గుంపు. ఇవన్నీ మీకు తెలిసినవే. వీటితో పాటు నిద్ర సంగతి ఎవరూ అడగరు, నా బాధంతా అదే.

ఒకాయన మూడు రకాల బీపీ మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగదు. గురక వస్తుందా అంటే "అబ్బే, నాకా?" అన్నాడు. వెనకాలే నిలబడ్డ వాళ్లావిడ, "గురక సరేనండీ, మధ్యలో ఊపిరే ఆగిపోతుంది, నేను భుజం పట్టుకుని కుదిపితే గానీ మళ్లీ తీసుకోరు" అంది. అప్పటిదాకా ఆమెను ఎవరూ అడగలేదు, ఆయన రిపోర్టుల ఫైలు మాత్రం ఇంత లావుంది. అదే స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు వదులై దారి మూసుకుపోతుంది, కనీసం 10 సెకన్లు గాలి ఆడదు, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, ఒళ్లు ఉలిక్కిపడి బీపీని పెంచే అడ్రినలిన్ హార్మోన్ వదులుతుంది. గంటకు 30 సార్లు, అంతకు మించి ఇలా అయితే తీవ్రమైనదే. రాత్రంతా ఈ కుస్తీ పడితే బీపీ, షుగర్ ఎలా దిగుతాయి చెప్పండి?

పట్టుకోవడానికి స్టాప్-బ్యాంగ్ అని 8 ప్రశ్నలున్నాయి, టొరంటో డాక్టర్లు 2008లో ఆపరేషన్‌కు ముందు అడగడానికి తయారుచేశారు. గట్టి గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 35 దాటడం, వయసు 50 దాటడం, మెడ 40 సెంటీమీటర్లు దాటడం, మగవాడై ఉండటం. మూడింటికి అవునంటే అనుమానించాలి, ఐదు, అంతకు మించి వస్తే స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష, వాయిదా వేయకండి. అయితే ఆ 35 దగ్గరే నాకు పేచీ. మనకు 25 దగ్గరే ఊబకాయం మొదలు, 27 ఉన్నవాడికే పొట్టా మెడా నిండిపోయి ఉంటాయి, కాబట్టి అక్కడ 'కాదు' వచ్చిందని ధీమా పడొద్దు. మెడ కొలతే నయం. (రెడీమేడ్ ఫార్మల్ షర్టు మీద 40, 42 అని ఉండేది చాలావరకు కాలర్ కొలతే, ఇంటికెళ్లి చూసుకోండి.)

ఆడవాళ్లకు ఈ లెక్కలో ఒక మార్కు ముందే పోతుంది. పైగా నెలసరి ఆగాక ఈ జబ్బు పెరుగుతుంది, వాళ్లేమో గురక మాట ఎత్తకుండా నిద్ర పట్టట్లేదు, పొద్దున్నే తలనొప్పి అంటారు, టెన్షన్ అని మా డాక్టర్లం మాత్ర రాసి పంపేస్తాం. పక్కనున్న ఆయన ఏమైనా చెబుతాడా అంటే, ఆయనా గురకలోనే ఉంటాడు.

టేపు బల్ల మీదే ఉంది. కాలర్ బొత్తాం విప్పుకుని, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని రండి.