బైకు వెనక సామాను ట్రెయిలర్: బెంగళూరులో చేయించుకోవాలనుకునే మన తెలుగువారికి

నమస్కారం. ఇంగ్లండులో స్థిరపడిన నేను ప్రస్తుతం సెలవుల మీద బెంగళూరు వచ్చి, కె.ఆర్.పురంలో మా అక్కావాళ్ల ఇంట్లో ఉంటున్నాను. మా మేనల్లుడూ, అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే ఉండిపోయిన అతని స్నేహితులూ నా పాత వీడియోల్లో బైకు వెనక ఉన్న చిన్న సామాను ట్రెయిలర్‌ను చూశారు. అలాంటిదే తక్కువ ఖర్చుతో ఇక్కడ చేయించుకుని లడఖ్ దాకా వెళ్లాలని వారి కోరిక. డేరా, వంట సామాను, చలి దుస్తులు, విడిభాగాలు అన్నీ సీటు మీద తాళ్లతో బిగించుకుని వేల కిలోమీటర్లు నడపడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి వారి కోరికను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు.

ముందుగా బరువు సంగతి చెబుతాను. బ్రిటన్‌లో 125 సీసీ దాటిన ఇంజను ఉన్న బైకుకే ట్రెయిలర్ తగిలించవచ్చు. ట్రెయిలర్ వెడల్పు ఒక మీటరు మించకూడదు, బైకు వెనక ఇరుసు నుంచి ట్రెయిలర్ చివరి దాకా రెండున్నర మీటర్లు దాటకూడదు, సామానుతో కలిపి ట్రెయిలర్ బరువు 150 కిలోలు గానీ, బైకు బరువులో మూడింట రెండు వంతులు గానీ, వీటిలో ఏది తక్కువైతే అంతకే పరిమితం కావాలి. ఈ నిబంధనలు అక్కడివే అయినా, కొలబద్దగా ఎక్కడైనా పనికివస్తాయి. మా మేనల్లుడి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బైకు బరువు 196 కిలోలు. ఆ లెక్కన ట్రెయిలర్, సామాను కలిపి 130 కిలోలు దాటకూడదు. మన రోడ్ల మీద మాత్రం అందులో సగం దగ్గరే ఆగిపోవడం మంచిదని నా అభిప్రాయం. 1,833 సీసీ ఇంజను ఉన్న గోల్డ్ వింగ్ లాంటి పెద్ద బండి తయారుచేసే హోండా కూడా తన యజమానుల పుస్తకాల్లో ట్రెయిలర్ లాగవద్దనే గట్టిగా సలహా ఇస్తుంది. కాబట్టి బండి లాగగలుగుతోంది కదా అని బరువు పెంచుకుంటూ పోవడం సరికాదు.

ఎంత బరువన్నది ఒక ఎత్తు అయితే, ఆ బరువు ఎక్కడ కూర్చుందన్నది మరో ఎత్తు. ఎడ్లబండిలో వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందు ఎక్కువైతే ఎద్దుల మెడలు నలుగుతాయి. ఇక్కడా జరిగేది అదే. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ (బైకుకు ట్రెయిలర్‌ను తగిలించే కొక్కెం) మీద పడేలా సామాను సర్దాలి. అంటే 60 కిలోల ట్రెయిలర్‌కు ఆరు నుంచి తొమ్మిది కిలోలు. ఇంట్లో బరువు చూసుకునే మిషను మీద ట్రెయిలర్ ముందు కొసను ఆనించి దీన్ని కొలుచుకోవచ్చు. బరువు ఇరుసుకు వెనక పడితే వేగం పెరిగేకొద్దీ ట్రెయిలర్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. అప్పుడు గట్టిగా బ్రేకు వేయకుండా, యాక్సిలరేటర్ మెల్లగా వదులుతూ హ్యాండిల్‌ను తిన్నగా పట్టుకోవాలి.

ఖర్చు తగ్గించుకోవడానికి చోటు ఉన్నది పెట్టె విషయంలోనే. మూత గట్టిగా పడి, వాన నీరు లోపలికి రాని ఏ పెట్టె అయినా సరిపోతుంది, తేలికైనదైతే మరీ మంచిది. హిచ్, ఇరుసు, చక్రం, బేరింగుల దగ్గర మాత్రం రూపాయి కూడా తగ్గించవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. రెండు చక్రాల ట్రెయిలర్ అయితే, బైకు మలుపులో వాలినప్పుడు అది వాలకుండా నిలబడేలా, కప్లర్ (హిచ్‌కు తగులుకునే ట్రెయిలర్ ముందు కొస) దానంతటది తిరిగే స్వివెల్ రకానిదై ఉండాలి. హిచ్ బ్రాకెట్‌ను బండి ఛాసిస్‌కు బిగించాలి తప్ప లగేజీ క్యారియర్‌కు వెల్డింగు చేయించకూడదు. హిచ్ ఊడినా ట్రెయిలర్ విడిపోకుండా రెండు గొలుసులు ఒకదానిపై ఒకటి అడ్డంగా వచ్చేలా తగిలించాలి. వెనక దీపాలను బైకు వైర్లకు నేరుగా కలపకుండా రిలే (చిన్న కరెంటుతో పనిచేసే స్విచ్) ద్వారా, అది కూడా ఎల్‌ఈడీలనే పెట్టించాలి.

ఒక చక్రమా, రెండు చక్రాలా అన్న ప్రశ్నకు ఇంగ్లండులో ఉన్నప్పుడు నేను రెండు అనే చెప్పేవాణ్ని, ఎందుకంటే అది ఆగినప్పుడు తనంత తానుగా నిలబడుతుంది, ఎక్కువ మోస్తుంది. బెంగళూరు రోడ్లు చూశాక నా సమాధానం వేరు. రెండు గుంతల మధ్య నుంచి మీరు బైకును నేర్పుగా తప్పించినా, చెరో పక్కకు జరిగి వచ్చే ట్రెయిలర్ చక్రాలు ఆ రెండు గుంతల్లోనూ పడతాయి. బైకు వెనక ఇరుసుకు రెండు వైపులా బిగించే ఒంటి చక్రం ట్రెయిలర్ బైకుతో పాటే వాలుతూ, దాని జాడలోనే నడుస్తుంది. తక్కువ సామానే పడుతుంది, అయినా ఇక్కడికి అదే తగినది.

ఇక చట్టం. బ్రిటన్‌లో ఇలాంటి చిన్న ట్రెయిలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్ అక్కరలేదు, బైకు నంబరునే దాని వెనక పెడితే చాలు. మన దేశంలో అలా కాదు. 1988 మోటారు వాహనాల చట్టం నిర్వచనం ప్రకారం ట్రెయిలర్ కూడా మోటారు వాహనమే. దానికి రిజిస్ట్రేషన్ ఉండాలని, లాగే బండి నంబరు కూడా దాని మీద కనిపించాలని 61వ సెక్షను చెబుతోంది. బండిలో మార్పులకు 52వ సెక్షను హద్దులు పెడుతోంది. కాబట్టి పీణ్యలోనో జె.సి. రోడ్డులోనో వెల్డింగు పనికి అడ్వాన్సు ఇచ్చే ముందే, డ్రాయింగు, కొలతలు పట్టుకుని మీ ఆర్టీఓ కార్యాలయానికి వెళ్లి, ఏ ఆమోదాలు కావాలో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇన్సూరెన్సు కంపెనీ నుంచి కూడా జవాబు కాగితం మీదే తీసుకోండి. ప్రమాదం జరిగితే ఎదుటి మనిషికి న్యాయం జరగవలసింది ఆ కాగితం వల్లే.

దారి ఎంపిక కూడా ముఖ్యమే. 2023 ఆగస్టు 1 నుంచి బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన మార్గంలోకి బైకులను రానివ్వడం లేదు, సర్వీసు రోడ్డులో హంపులు దాటుకుంటూ పోవాలి. కొత్తగా ట్రెయిలర్ లాగేవారికి హైదరాబాదు వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి నయం, అయితే టోల్ గేట్ల దగ్గర బైకుల సందులో మీటరు వెడల్పు పడుతుందో లేదో ముందే చూసుకోవాలి. అదే చిత్తూరు వైపు వెళ్తే, పలమనేరు దాటాక మొగిలి ఘాటు దిగేటప్పుడు బ్రేకు లేని ట్రెయిలర్ వెనక నుంచి నెడుతుంది. మలుపుకు ముందే, బండి నిటారుగా ఉండగానే వేగం తగ్గించి, చిన్న గేరులో దిగాలి. మామూలు బైకుకు రివర్సు గేరు ఉండదు కనుక, అపార్టుమెంటు బేస్‌మెంటు ర్యాంపులోకి ట్రెయిలర్‌తో దిగకుండా, పైనే విప్పి పెట్టుకోవాలి.

మొదటిసారి ఖాళీ ట్రెయిలర్‌తో హోసకోట దాకా, తరువాత సగం సామానుతో కోలారు దాకా వెళ్లి చూడండి. ట్రెయిలర్ చక్రం చిన్నది కావడం వల్ల బైకు చక్రం కన్నా ఎక్కువసార్లు తిరుగుతుంది, బేరింగులు త్వరగా వేడెక్కుతాయి. యాభై కిలోమీటర్లకు ఒకసారి ఆగి చక్రం మధ్య భాగాన్ని వేలితో తాకండి. వేలు నిలపలేనంత వేడిగా ఉంటే అక్కడే ఆగి, బేరింగు విప్పించి గ్రీజు చూసిన తరువాతే ముందుకు కదలండి.