పేరున్న బోర్డు, ఫొటో ఉన్న పేజీ

సభకు నమస్కారం.

మన ఊళ్లలో స్కేటింగ్ అంటే చక్రాల బూట్లు కట్టుకుని రింకులో తిరగడమే గుర్తొస్తుంది. ఈరోజు నేను మాట్లాడబోయేది బోర్డు మీద నిలబడి చేసే స్కేట్‌బోర్డింగ్ గురించి. అందులోనూ 1960ల నుంచి 1990ల మొదటి దాకా కాలిఫోర్నియా పత్రికల్లో అచ్చయిన ప్రకటనల గురించి. పాత సంచిక చేతికి దొరికితే చాలామంది వ్యాసాలు, పోటీ ఫలితాలు చదువుకుని ప్రకటనల పేజీలు తిప్పేస్తారు. నన్నడిగితే ముందు చదవాల్సినవి అవే. పొగుడుతూ వ్యాసం రాయడానికి ఖర్చేమీ లేదు. ప్రకటన వెయ్యాలంటే మాత్రం కంపెనీ డబ్బు కట్టాలి. అందుకే ఎవరు ఏ జట్టులో ఉన్నారు, ఏ సైజు బోర్డు తొక్కారు, ఏ చక్రాలు బిగించారు అన్న సంగతులు ప్రకటనలోనే ఎక్కువ నికరంగా దొరుకుతాయి.

అసలు ప్రో అంటే ఎవరు? క్రికెట్‌లోలాగా ఇక్కడ సెలక్షన్ కమిటీ లేదు. ఒక కంపెనీ మీ పేరుతో బోర్డును మార్కెట్లోకి తెస్తే మీరు ప్రో. అమ్ముడైన ఒక్కో బోర్డుకు ఇంత అని రాయల్టీ ఇస్తారు. పోటీల్లో బహుమతి సొమ్ము పెద్దగా ఉండేది కాదు కాబట్టి బతుకుతెరువు ఆ రాయల్టీయే. బోర్డు అమ్ముడుపోవాలంటే ఎక్కడో ఒహాయోలోనో టెక్సాస్‌లోనో ఉన్న పిల్లవాడికి మీ పేరు తెలియాలి. ఇంటర్నెట్ లేదు, టీవీవాళ్లు ఈ ఆటను పట్టించుకునేవాళ్లు కాదు. నెలకోసారి వచ్చే పత్రికే దిక్కు. టోనీ హాక్ 1982లో పద్నాలుగేళ్లకే ప్రో అయ్యాడు. వాలుతున్న డేగ బొమ్మతో వచ్చిన తన మొదటి బోర్డును పెద్దగా ఎవరూ కొనలేదు. తొలి రాయల్టీ చెక్కు 85 సెంట్లని ఆయనే చెప్పుకున్నాడు. ఆ తర్వాత పక్షి పుర్రె బొమ్మతో కొత్త బోర్డు వచ్చింది, దాంతోపాటు పోటీల్లో గెలుపులు, ప్రకటనలు, వీడియోలు. హైస్కూల్ చదువు పూర్తికాకముందే అతను సొంత ఇల్లు కొన్నాడు. 1990ల మొదట్లో అదే రాయల్టీ మళ్లీ నేలకు దిగింది. ఎందుకు దిగిందో కాసేపట్లో చెబుతాను.

ఇక పత్రికల సంగతి. ఈ రంగంలో పత్రిక నడిపేవాళ్లు, సరుకు అమ్మేవాళ్లు మొదటినుంచీ ఒకరికొకరు దగ్గరివాళ్లే, చాలాసార్లు ఒక్కరే. మకాహా బోర్డులు తయారుచేసిన లారీ స్టీవెన్సన్ 'సర్ఫ్ గైడ్' పత్రిక ప్రచురణకర్త. 1963 ప్రాంతంలో తన బోర్డులకు తన పత్రికలోనే ప్రకటనలు వేసుకున్నాడు. 1964లో 'ది క్వార్టర్లీ స్కేట్‌బోర్డర్' వచ్చి నాలుగు సంచికలకే ఆగిపోయింది. అప్పటి చక్రాలు బంకమట్టి మిశ్రమంతో చేసినవి. చిన్న రాయి తగిలితే చక్రం ఠక్కున ఆగేది, మనిషి ముందుకు ఎగిరిపడేవాడు. ఊళ్లు నిషేధాలు పెట్టాయి, 1965 చివరికి వ్యాపారం కూలిపోయింది. అదే ఏడాది మే నెలలో 'లైఫ్' పత్రిక ముఖచిత్రం మీద ప్యాట్ మెక్‌గీ అనే అమ్మాయి బోర్డు మీద తలకిందులుగా చేతుల మీద నిలబడి కనిపించింది. బోర్డులు అమ్మిపెట్టడానికి హోబీ కంపెనీ జీతమిచ్చి దేశం తిప్పిన అమ్మాయి ఆమె.

1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ యూరిథేన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసిన చక్రాలను క్యాడిలాక్ వీల్స్ పేరుతో అమ్మడం మొదలుపెట్టాక ఆట మళ్లీ లేచింది. ఆ ప్రకటనల్లో కనిపించే బక్కపలచని కుర్రాడు గ్రెగ్ వీవర్‌కు 'క్యాడిలాక్ కిడ్' అన్న పేరే స్థిరపడిపోయింది. 1975లో తిరిగి మొదలైన 'స్కేట్‌బోర్డర్' మొదటి సంచిక అట్ట మీదా అతనే ఉన్నాడు. ఆ మూడు నాలుగేళ్ల ప్రకటనలు చదివితే ఇంజినీరింగ్ పాఠంలా ఉంటాయి, దానికి కారణం ఉంది. అప్పటిదాకా చక్రంలో బేరింగు గుళ్లు విడివిడిగా ఉండేవి. వాటిని ఒక కోన్ నట్టు పట్టి ఉంచేది. నట్టు కాస్త ఎక్కువ బిగిస్తే చక్రం తిరగదు, వదులైతే గుళ్లు రోడ్డు పాలు. 1975లో శాంతా క్రూజ్ కంపెనీ వారి రోడ్ రైడర్ చక్రాలు మూసి ఉన్న ప్రెసిషన్ బేరింగులతో రావడంతో ఆ తంటా తీరింది. నేటికీ వాడే 608 బేరింగు అదే కొలత: లోపలి రంధ్రం 8 మి.మీ., బయటి వ్యాసం 22, మందం 7. చక్రానికి రెండు చొప్పున ఒక బోర్డుకు ఎనిమిది కావాలి.

ఆ దశకపు ప్రకటనల్లో నాకు బాగా నచ్చేవి లోగన్ ఎర్త్ స్కీ వారివి. లారా థార్న్‌హిల్ పేరుతో వాళ్లు బోర్డు తెచ్చారు. సొంత పేరున్న బోర్డు అందుకున్న తొలి మహిళల్లో ఆమె ఒకరు. 1980ల సంచికలు తిరగేస్తే ప్రకటనల్లో ఆడపిల్లలు దాదాపు మాయమైపోయారు. వ్యాసాలు మాత్రమే చదివేవాళ్లు ఈ మార్పును అంత త్వరగా పసిగట్టలేరు.

1970ల చివర్లో బీమా ఖర్చులు భరించలేక స్కేట్ పార్కులు వరసగా మూతపడ్డాయి. 'స్కేట్‌బోర్డర్' 1980లో 'యాక్షన్ నౌ'గా పేరు మార్చుకుని, గుర్రాలకీ సైకిళ్లకీ పేజీలిచ్చి, కొంతకాలానికి ఆగిపోయింది. అప్పటికి ట్రక్కుల కంపెనీలకు, అంటే బోర్డు కింద చక్రాలను పట్టి ఉంచే ఇరుసు భాగాలు చేసేవాళ్లకు, ప్రకటన వేసుకునే చోటే లేకుండా పోయింది. 1978లో మొదలైన ఇండిపెండెంట్ ట్రక్కుల వెనక ఉన్న ఫాస్టో విటెల్లో, ఎరిక్ స్వెన్సన్ 1981 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 'థ్రాషర్' పత్రిక తెచ్చారు. పోటీ కంపెనీ ట్రాకర్ ట్రక్స్‌కు చెందిన లారీ బల్మా, పెగ్గీ కోజెన్స్ 1983లో 'ట్రాన్స్‌వరల్డ్' పెట్టారు. 'థ్రాషర్' నినాదం స్కేట్ అండ్ డిస్ట్రాయ్. 'ట్రాన్స్‌వరల్డ్' దానికి జవాబుగా స్కేట్ అండ్ క్రియేట్ అంది. సిద్ధాంతాల గొడవలా కనిపించే ఈ తగువు వెనక రెండు ఇరుసుల కంపెనీలు ఉన్నాయని గుర్తుంచుకుని చదివితే ఆ పాత సంచికలు భలే సరదాగా ఉంటాయి.

ప్రకటనను కళగా మార్చింది మాత్రం పావెల్ పెరాల్టా అనే బోర్డుల కంపెనీ. జార్జ్ పావెల్ ఇంజినీరు, స్టేసీ పెరాల్టా అంతకుముందు స్వయంగా పేరున్న ప్రో. ఇద్దరూ 1978లో కలిశారు. ప్రకటనలకు క్రెయిగ్ స్టెసిక్ ఉన్నాడు, బోర్డుల మీది బొమ్మలకు వెర్నన్ కోర్ట్‌లాండ్ జాన్సన్ ఉన్నాడు. బోన్స్ బ్రిగేడ్ అన్న జట్టు పేరు కూడా స్టెసిక్ పెట్టిందే. అతను చేసిన నలుపు తెలుపు పేజీల్లో చాలావాటిలో సరుకు సరిగా కనిపించదు, ధర ఉండదు, కొనండి అన్న మాటా ఉండదు. కుర్రాళ్లు ఏదో వింత వేషంలో ముఖాలు బిగించుకుని నిలబడి ఉంటారు. కింద అర్థమయ్యీ కాని ఒక వాక్యం. దాన్ని చూసిన పిల్లవాడు బోర్డు కంటే ముందు ఆ గుంపులో చేరాలనుకుంటాడు. జాన్సన్ బొమ్మలు ఆ జట్టు కుర్రాళ్లకు ముద్రలయ్యాయి: కబలేరోకు డ్రాగన్, మెక్‌గిల్‌కు పుర్రెను చుట్టుకున్న పాము, టామీ గెరేరోకు మంటల బాకు. కబలేరో శాన్ హోసే కుర్రాడే. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో మరి!

శాంతా క్రూజ్ వాళ్ల దారి వేరు. వాళ్ల చిత్రకారుడు జిమ్ ఫిలిప్స్ కామిక్ పుస్తకాల రంగులు తెచ్చాడు. అరచేతిలో నోరు తెరిచి అరిచే ఆ నీలి చెయ్యి 1985లో స్పీడ్ వీల్స్ చక్రాల కోసం గీసిందే. వాళ్ల ప్రో రాబ్ రాస్కాప్ బోర్డుల్లో అయితే ఒక్కో కొత్త మోడల్‌కూ గురి బిళ్లలోంచి రాక్షసుడు ఇంకొంచెం బయటికొస్తాడు. పాత బోర్డు విరగకపోయినా కొత్తది కొనిపించే ఎత్తు అది. ఆ రాస్కాప్ తర్వాత శాంతా క్రూజ్ సైకిళ్ల కంపెనీ స్థాపకుల్లో ఒకడయ్యాడు.

ఇప్పుడు అంత అందంగా లేని పేజీ ఒకటి చూద్దాం: మెయిల్ ఆర్డర్, అంటే పోస్టులో సరుకు పంపే దుకాణాల పేజీ. స్కేట్స్ ఆన్ హైట్, కాలిఫోర్నియా చీప్ స్కేట్స్ లాంటి దుకాణాలు వెనక పేజీల్లో చీమల్లాంటి అక్షరాలతో ధరల పట్టీ వేసేవి. 1986, 87 నాటి పట్టీలో డెక్ (కాళ్లు పెట్టి నిలబడే చెక్క పలక) వెడల్పు 10 అంగుళాలు, పొడవు 30 అంగుళాల చుట్టూ ఉంటుంది. ఏడు పొరల మేపుల్ చెక్క. ధర 40, 50 డాలర్ల ప్రాంతం. దాని కిందికి ఇండిపెండెంట్ 169 లాంటి వెడల్పాటి ట్రక్కులు రెండు, 60 మి.మీ. పైబడిన చక్రాలు నాలుగు, పక్కనే గట్టిదనం అంకె 92ఏ, 95ఏ, 97ఏ. అంకె పెరిగేకొద్దీ చక్రం గట్టిది: ర్యాంపు మీద జారుతుంది, గరుకు రోడ్డు మీద పళ్లు కదిలిపోతాయి. అంత పెద్ద చక్రం బోర్డు అడుగుకు రాసుకుని హఠాత్తుగా ఆగిపోకుండా ట్రక్కుకూ బోర్డుకూ మధ్య రైజర్ అనే ప్లాస్టిక్ దిమ్మ వెయ్యాలి. ఇక ప్లాస్టిక్ సామాను ఉంది చూశారూ: అడుగున పట్టుకోవడానికీ జారడానికీ పట్టాలు, తోక అరిగిపోకుండా టెయిల్ గార్డు, ముక్కుకో గార్డు, ట్రక్కు ఇరుసుకు తొడిగే కోపర్లు, వెనక ట్రక్కు అంచుకు తగిలి ఇరుక్కుపోకుండా ల్యాపర్. అన్నీ బిగిస్తే బోర్డు మోయడమే కష్టం. కంపెనీలకు లాభాలు కూడా ఆ చిల్లర సామానులోనే బాగా వచ్చేవి.

అయిదారేళ్ల తర్వాతి పట్టీ పక్కన పెట్టి చూడండి. 1992 నాటికి ఆ ప్లాస్టిక్ అంతా పోయింది. ర్యాంపుల ఆట తగ్గి, మెట్ల మీదా రోడ్ల మీదా బోర్డును పల్టీ కొట్టించే ఆట వచ్చింది. దానికి బరువు తగ్గాలి. డెక్ వెడల్పు ఏడున్నర అంగుళాల చుట్టుపక్కలకు, చక్రాలు 40 మి.మీ. దరిదాపులకు దిగాయి. లెక్క వేసి చూడండి: 60 మి.మీ. చక్రంలో 22 మి.మీ. బేరింగు పోగా ఒక్కో వైపు 19 మి.మీ. యూరిథేన్ ఉంటుంది. 40 మి.మీ. చక్రంలో మిగిలేది 9 మాత్రమే. ఒక్కసారి అడ్డంగా జారితే చదునుగా అరిగిపోతుంది, ఆ తర్వాత టకటకా కొట్టుకుంటుంది. చిన్న గులకరాయికి మళ్లీ ఆగిపోతుంది, 1965లో లాగానే. ఫ్యాషన్ మోజు తప్ప అంత చిన్న చక్రానికి వేరే సమర్థన నాకు కనిపించదు. ట్రక్కు బోల్టుల రంధ్రాల మధ్య దూరం కూడా ఆ రోజుల్లోనే పొడవు వైపు 2.5 అంగుళాల నుంచి 2.125కు తగ్గింది. వెడల్పు వైపు 1.625 అలాగే ఉంది. పాత డెక్‌కు కొత్త ట్రక్కు కొని బోల్టులు దూరక తలపట్టుకునేవాళ్లు ఈ రెండు అంకెలు రాసిపెట్టుకోండి. బోర్డుకు బిగించే బేస్ ప్లేటులో ఆరు రంధ్రాలున్న ట్రక్కు రెండింటికీ సరిపోతుంది.

ఆ మార్పును సొమ్ము చేసుకున్నవాడు స్టీవ్ రాకో. 1987లో అతను మొదలుపెట్టిన వరల్డ్ ఇండస్ట్రీస్ పెద్ద కంపెనీలను ప్రకటనల్లోనే ఎగతాళి చేసింది. విజన్ కంపెనీ వదిలొచ్చిన ప్రో మార్క్ గొంజాలెస్ 1989లో అతని అండతో పెట్టిన కంపెనీ పేరు బ్లైండ్. విజన్ అంటే చూపు, బ్లైండ్ అంటే గుడ్డి: వెక్కిరింత పేరులోనే ఉంది. పావెల్ పుర్రెల బొమ్మలను వెటకారంగా గీసి బోర్డులు అమ్మారు. పత్రికలు రాకో ప్రకటనలకు అభ్యంతరం చెప్పడం మొదలుపెట్టాక 1992లో 'బిగ్ బ్రదర్' అనే సొంత పత్రికే పెట్టాడు. బొమ్మలు నెలనెలా మారిపోయేసరికి ఏళ్ల తరబడి అమ్ముడయ్యే బోర్డు అన్నది లేకుండా పోయింది. హాక్ లాంటి ర్యాంపు ప్రోల రాయల్టీ పడిపోవడానికి ఆట మారడంతోపాటు ఇదీ కారణమే.

చివరగా, విడి పేజీలు సేకరించేవాళ్లకు కొన్ని పనికొచ్చే విషయాలు. చించిన ప్రకటన కాగితం మీద సాధారణంగా తేదీ ఉండదు. ముందు వెనక్కి తిప్పండి, అక్కడ పోటీ ఫలితమో ముఖ్య వ్యాసమో ఉంటే పని తేలికవుతుంది. లేకపోతే ఫోన్ కోడ్ చూడండి. శాన్‌డియేగో ప్రాంతపు కంపెనీకి 714 ఉంటే 1982కు ముందుది, 619 ఉంటే తర్వాతిది. శాంటా మోనికా, టోరెన్స్ వైపు 213 పోయి 310 వచ్చింది 1991లో. శాంతా క్రూజ్ పట్టణానికి 1998 దాకా 408 ఉండేది, తర్వాత 831. అట్ట మీది నెలను కూడా అట్టే నమ్మకండి. ప్రకటన అంతకు చాలా వారాల ముందే ప్రెస్సుకు వెళ్తుంది, ఈలోపు ఆ కుర్రాడు కంపెనీ మారి ఉండొచ్చు. వరసగా రెండు మూడు సంచికలు చూసి, పోటీ కంపెనీ ప్రకటనతో సరిపోల్చాకే ఫలానా నెలలో ఫలానా జట్టు అని రాయండి.

స్కాన్ 600 డీపీఐలో చెయ్యండి. పేజీ వెనక నల్ల కాగితం పెడితే అవతలి వైపు అచ్చు ఇటు కనిపించదు. అచ్చు చుక్కల వల్ల అలల్లాంటి గీతలు పడతాయి. వాటిని తీసే డీస్క్రీన్ అసలు ఫైలు మీద వాడకండి, కాపీ మీద వాడండి. అన్నిటికన్నా ముఖ్యం, దయచేసి లామినేషన్ చేయించకండి. మన దగ్గర పాత కాగితం కనిపిస్తే మొదట తోచేది అదే. వేడికి అంటుకున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడదు, లోపల కాగితంలోని ఆమ్లం పని అది చేసుకుంటూనే పోతుంది. మొదట్లో 'థ్రాషర్' అచ్చయింది న్యూస్‌ప్రింట్ మీద, అది అసలే త్వరగా పచ్చబడే కాగితం. పీవీసీ కవర్లు కాకుండా పాలియెస్టర్ కవర్లు తీసుకోండి. తుప్పు పట్టిన స్టేపుల్ పిన్నులు నెమ్మదిగా తీసేయండి. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉండేవాళ్లు కవరులో సిలికా జెల్ పొట్లం వేసి, అది తేమ పీల్చుకుని పనిచెయ్యడం మానేశాక మార్చండి.

ఇక ప్రశ్నలు అడగండి. పేజీలు వెంట తెచ్చుకున్నవాళ్లుంటే ఈ బల్ల మీద పరవండి, కలిసి తేదీలు తేలుద్దాం.