బరోక్ అంటే బంగారు పూత కాదండీ

"బరోక్ స్టైల్ ఫంక్షన్ హాల్", "బరోక్ డిజైన్ సోఫా". ఇంటీరియర్ వీడియోల్లో ఈ మాట వినపడితే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. అద్దం చుట్టూ నాలుగు మెలికలు తిప్పి, బంగారు రంగు కొడితే బరోక్ అయిపోతుందా? బరోక్ అంటే యూరప్‌లో 17వ శతాబ్దంలో మొదలై 18వ శతాబ్దం దాకా భవనాల్లో, శిల్పంలో, సంగీతంలో నడిచిన ఒక శైలి. పైగా అదేదో అప్పటి రాజులు ముచ్చటపడి పెట్టుకున్న పేరనుకుంటారు. అసలది తిట్టండీ బాబూ!

ముత్యాల దగ్గర మొదలుపెడదాం.

(తెర మీద: ముత్యాలున్న రెండు పళ్లాలు)

మంచి సినిమా చూస్తే 'ఆణిముత్యం' అంటాం కదా. ఆణి అంటే ముత్యానికి ఉండే గుండ్రదనం, మేలిమి. హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ఏ ముత్యాల కొట్టుకో వెళ్లారనుకోండి. గుండ్రటివన్నీ ఒక పళ్లెంలో పోస్తారు, సొట్టలు, వంకరలు ఉన్నవి ఇంకో పళ్లెంలో. ఆల్చిప్ప లోపల ముత్యం పొర మీద పొరగా పెరిగేటప్పుడు అన్ని వైపులా సమానంగా పెరిగితే ఆణిముత్యం, ఎక్కడో ఒత్తుకుపోతే వంకర ముత్యం. పోర్చుగీసువాళ్లు ఈ రెండో పళ్లెంలోవాటిని 'బరోకు' అనేవారు. అదే ఫ్రెంచ్‌లోకి వెళ్లి 'బరోక్' అయింది. చాలామంది పండితులు ఒప్పుకునే మూలం ఇదే.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి చెప్తాను. ఫ్రెంచ్ భాష బాగోగులు చూసే సంస్థ ఫ్రెంచ్ అకాడమీ తన మొదటి నిఘంటువుని 1694లో అచ్చువేసింది. అందులో 'బరోక్' ఉంది. అర్థం ఏమిచ్చారంటే, గుండ్రదనం బాగా తక్కువైన ముత్యాలకు మాత్రమే వాడే మాట అని. 'మాత్రమే' అని కూడా రాశారు! భవనం లేదు, శిల్పం లేదు, సంగీతం లేదు. రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి ముందు ఆ పెద్ద స్తంభాల వరుసలు కట్టించిన బెర్నీని అప్పటికే చనిపోయి 14 ఏళ్లు. ఇవాళ బరోక్ అనగానే మొదట చెప్పే పేరు ఆయనదే. పాపం ఆయనకి తాను బరోక్ అని తెలియనే తెలియదు. తెలిస్తే కొట్టేవాడేమో కూడా.

ఇంకో మూలం కూడా చెప్తారు. మధ్యయుగం తర్కశాస్త్రంలో ఒక రకం వాదనకి గుర్తు పేరు 'బరోకో'. ఎలా ఉంటుందంటే, మన పళ్లెంతోనే చూద్దాం. గుండ్రటి ముత్యాలన్నీ దొర్లుతాయి. ఈ పళ్లెంలో కొన్ని దొర్లడం లేదు. కాబట్టి ఈ పళ్లెంలో కొన్ని గుండ్రటివి కావు. అంతే! ఇంత చిన్న విషయానికి ఇంత మెలిక అవసరమా అని 16వ శతాబ్దంలోనే దీన్ని ఎగతాళి చేశారు. అలా మెలికలు తిరిగినదల్లా బరోక్ అయిందని వీళ్ల వాదన. తత్వవేత్త రూసో కూడా ఈ వైపే మొగ్గాడు. నా ఓటు మాత్రం ముత్యానికే.

మరి తిట్టు ఎప్పుడైంది? 18వ శతాబ్దంలో. రామో అనే ఫ్రెంచ్ సంగీతకారుడు 50 ఏళ్ల వయసులో, 1733లో తన మొదటి ఒపెరా ప్రదర్శించాడు. మరుసటి ఏడాది ఒక పత్రికలో పేరు లేని ఉత్తరం వచ్చింది, ఈ సంగీతం బరోక్‌గా ఉందంటూ. అంటే రెండో పళ్లెంలో పడేయండి అని. 1740 నాటికి అకాడమీ నిఘంటువు కూడా 'క్రమం తప్పినది, వింతైనది' అనే అర్థం చేర్చుకుంది. అప్పటివాళ్లకి ఆణిముత్యం అంటే గ్రీకు, రోమన్ కొలతల్లో ఉన్నదే. మిగతాదంతా సొట్టే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. 1855లో స్విస్ చరిత్రకారుడు బుర్క్‌హార్ట్ ఏమన్నాడంటే, బరోక్ భవనాలు రినైసాన్స్ (బరోక్‌కి ముందు గ్రీకు, రోమన్ పద్ధతుల్ని మళ్లీ తెచ్చిన శైలి) భాషే మాట్లాడతాయి కానీ మొరటు యాసలో. యాసని వెక్కిరించడం మనకేం కొత్త కాదులెండి. ఆయన శిష్యుడు వోల్ఫ్లిన్ 1888లో, 24 ఏళ్ల కుర్రాడు, ఈ రెండు పళ్లాల గురించే, అంటే రినైసాన్స్, బరోక్ గురించే ఒక పుస్తకం రాశాడు. తర్వాత 1915లో ఇంకా తేల్చి చెప్పాడు: ఇది చెడిపోయిన గుండ్రటి ముత్యం కాదు, దీని తీరే వేరు. సంగీతానికైతే ఈ పేరు గౌరవంగా అంటుకోవడానికి 1919 దాకా పట్టింది, సంగీత చరిత్రకారుడు కర్ట్ సాక్స్ వ్యాసంతో. ఇవాళ బరోక్ సంగీతం అనగానే చెప్పే జర్మన్ సంగీతకారుడు బాఖ్ పోయింది 1750లో. లెక్క మీరే వేసుకోండి.

అన్నట్టు, వంకర ముత్యాలని అప్పటి కంసాలులు పారేయలేదు. ఆ వంకరనే పొట్టగానో, వీపుగానో వాడుకుని చిన్న చిన్న బొమ్మలు చేశారు. జర్మనీలో డ్రెస్డెన్ నగరంలోని గ్రీన్ వాల్ట్ అనే మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. ఒక ఫొటో పెడుతున్నాను, ఆ మరుగుజ్జు బొమ్మ పొట్ట చూడండి. ఆ పొట్టంతా ఒకే ముత్యం.