జార్జ్ గదిలో ఐదు నిమిషాలు, పిల్లల దొడ్డి దగ్గర గంట

[దృశ్యం: లావా రాళ్ల గోడ. దాని వెనక నుంచి నెమ్మదిగా పైకి లేచే పొడవాటి మెడ.]

రాయి అనుకున్నారు కదా? నేనూ అలాగే అనుకుని ముందు నుంచి వెళ్లిపోయాను. మెడ చాచాక గానీ తెలియలేదు.

నమస్తే. ఇవి ఈక్వడార్‌లోని గలాపగోస్ దీవులు. శాంతా క్రూజ్ దీవిలో, ప్వెర్టో అయోరా ఊరి చివర, అంతరించిపోయే దశకు చేరిన రాక్షస తాబేళ్లను పెంచే కేంద్రమిది. శ్రీకూర్మం గుళ్లో నక్షత్ర తాబేళ్లను చూసినవాళ్లకి తాబేలంటే రెండు చేతుల్లో ఇమిడేది. ఇక్కడ పెద్ద మగది 200 కిలోలు దాటుతుంది.

అంత జంతువుకి దాని ఓర్పే కొంప ముంచింది. తిండీ నీళ్లూ లేకుండా నెలల తరబడి బతుకుతుంది. పాతకాలం తిమింగలాల వేటగాళ్లకి ఇంకేం కావాలి? ఫ్రిజ్ లేని రోజుల్లో పాడవని మాంసం! బతికుండగానే ఓడల్లో పేర్చుకుని పోయారు. తర్వాత మనుషులు వదిలిన మేకలు పచ్చని ఆకు మిగల్చలేదు, ఓడల్లోంచి దిగిన ఎలుకలు పిల్లల్ని తినేశాయి.

[దృశ్యం: చల్లటి చీకటి గది, అద్దాల వెనక జార్జ్.]

వచ్చినవాళ్లంతా ముందు పరిగెత్తేది ఇక్కడికే. లోన్‌సమ్ జార్జ్, అంటే ఒంటరి జార్జ్. 1971లో పింటా దీవిలో కనపడింది. ఆ జాతిలో ఇక మరొకటి దొరకలేదు. దగ్గరి జాతి ఆడవాటితో జత కలపాలని చూశారు, గుడ్లయితే పెట్టాయి, ఒక్కటీ పిల్ల కాలేదు. 2012 జూన్ 24న జార్జ్ పోయింది. ఈ అద్దాల వెనక ఉన్నది పాడవకుండా భద్రపరిచిన దాని దేహం. దశాబ్దాలు దాన్ని చూసుకున్న ఉద్యోగి ఫౌస్టో యెరేనా పేరే ఈ కేంద్రానికి పెట్టారు. జార్జ్‌ని చూడండి, ఫొటో తీసుకోండి. ఐదు నిమిషాలు చాలు. అసలు పని బయట జరుగుతోంది.

[దృశ్యం: దొడ్డిలో అరచేయంత పిల్లలు. డిప్పల మీద రంగు అంకెలు.]

ఈ పిల్లల కథ గుడ్డు దగ్గర మొదలవుతుంది. గూట్లోంచి తీసేటప్పుడే గుడ్డు పైవైపున పెన్సిల్‌తో గుర్తు పెడతారు. దారిలో తిరగబడితే లోపలి పిండం చచ్చిపోవచ్చు మరి. ఇక ఆడా మగా తేల్చేది వేడి. 28 డిగ్రీల దగ్గర పొదిగితే మగవి, 29.5 దగ్గర ఆడవి. ఏసీ రిమోట్ మీద రెండు నొక్కులు కూడా కాదు! బయటికొచ్చాక కొన్ని వారాలు చీకటి పెట్టెలోనే ఉంచుతారు. ఎందుకంటే అడవిలోనైతే మట్టి తవ్వుకుని పైకి రావడానికే అంతకాలం పడుతుంది. తర్వాత ఈ దొడ్డి. లోపల కావాలనే రాళ్లు పరిచారు, రేపు వెళ్లబోయే దీవుల్లో నడవాల్సింది రాళ్ల మీదే కదా. నాలుగైదేళ్లు పెంచి, ఎలుకలు ఏమీ చేయలేనంత గట్టిపడ్డాక వదులుతారు.

కేంద్రం లోపలికి గైడ్‌తోనే వెళ్లాలి. రెండు మీటర్ల దూరం, ఫ్లాష్ వద్దు. మేత వేసే సమయానికి ఉండగలిగితే అదృష్టం. మన చేమాకు లాంటి వెడల్పాటి ఆకుల్ని కాడలతో సహా తింటాయి. ఆ కరకర శబ్దం కోసమే నేను గంట నిలబడ్డాను.

[దృశ్యం: గుర్రపు జీనులా ముందువైపు పైకి లేచిన డిప్ప.]

ఇక డియేగో. గలాపగోస్‌లోనే ఎస్పన్యోలా అనే దీవిలో ఒకప్పుడు మిగిలినవి మొత్తం 14. పన్నెండు ఆడవి, రెండు మగవి. ఒకదానికొకటి ఎదురుపడనంత దూరంగా చెదిరిపోయి ఉంటే ఏరి తెచ్చారు. మూడో మగది అమెరికాలోని శాన్ డియేగో జూ నుంచి వచ్చింది. అదే డియేగో. జాతిని నిలబెట్టిన మగాడని పత్రికలు దాన్ని హీరోని చేశాయి. డీఎన్‌ఏ చూస్తే లెక్క వేరు. పిల్లల్లో దాదాపు 40 శాతమే డియేగోవి, 60 శాతం ఈ5 అనే ఇంకో మగదానివి. దానికి పేరైనా పెట్టలేదు! చప్పుడు లేకుండా పని చేసుకుపోయేవాడు ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు చూడండి, అదీ అంతే. మిగిలిన ఇంకో మగదాని ఖాతా దాదాపు ఖాళీ.

అయితే ఒక్క మాట. ఎస్పన్యోలాలో మేకల్ని 1978కల్లా పూర్తిగా తీసేశారు. ఆ పని జరగకపోతే ఎన్ని పిల్లల్ని వదిలినా అక్కడ తినడానికి ఏముంటుంది?

2020 నాటికి ఆ దీవిలో తాబేళ్లు సుమారు రెండు వేలకు చేరాయి. పని అయిపోయిందని 2020 జూన్‌లో ఆ పదిహేనింటినీ ఇంటికి పంపేశారు, డియేగోనీ ఈ5నీ ఒకే పడవలో. కానీ వెంటనే కాదు. ముందు కొన్నాళ్లు విడిగా కట్టడిలో ఉంచారు. ఇక్కడ తిన్న మొక్కల గింజలు కడుపులో ఉండిపోతే, పేడతో పాటు ఆ దీవిలో మొలుస్తాయని.

[చివరి దృశ్యం: తాబేలును వీపున కట్టుకుని, బొమ్మజెముడు చెట్ల మధ్య రాళ్లెక్కుతున్న పార్కు ఉద్యోగి.]