తెర మీది నీలి ఆకులు

శ్రోతలకు నమస్కారం.

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో కలవారి ఇళ్లలో కిటికీలకే కాదు, గుమ్మాలకు కూడా బరువైన పట్టు తెరలు వేలాడేవి. చలిగాలిని ఆపడం, గదిలోని సామాను ఎండకు వెలిసిపోకుండా కాపాడటం వాటి పని. వాటి మీద పట్టు దారంతో చేత్తో కుట్టిన పూలతీగలు, పక్షులు. ఆ కుట్టుపని నేర్పడానికి 1872లో లండన్‌లో ప్రత్యేకంగా ఒక బడే వెలిసింది. పేరుమోసిన డిజైనర్ విలియం మోరిస్ కూతురు మే మోరిస్ 1885లో తన తండ్రి సంస్థలో కుట్టుపని విభాగాన్ని చేపట్టేనాటికి ఆమెకు 23 ఏళ్లు.

పాత కుట్టుపనిని దగ్గరగా చూడండి. కొన్ని ఆకులు నీలంగా ఉంటాయి. కుట్టినప్పుడు అవి పచ్చటి ఆకులే. పసుపు రంగు పట్టించిన దారాన్ని నీలిమందు తొట్టిలో ముంచితే ఆ పచ్చదనం వచ్చేది. మొక్కల నుంచి తీసిన పసుపు వెలుతురుకు ముందే వెలిసిపోయింది. నీలి నిలిచింది.

కడపలో కూర్చుని ఈ మాట చెబుతుంటే నా మనసు ఉప్పొంగుతోంది. ఆ శతాబ్దంలో నీలిమందుకు పేరుమోసిన జిల్లా మనది. వర్తకులు ‘కర్పా’ అని పిలిచిన సరుకు పేరు మన కడప నుంచి వచ్చిందే. కోసిన నీలి మొక్కలను తొట్లలో నానబెట్టేవారు. పచ్చగా తేలిన ఆ నీటిని గాలి తగిలేలా బాదితే, చూస్తుండగానే నీలమై అడుగున మడ్డి పేరుకునేది. దాన్ని కాచి, వడకట్టి, నీరు పిండి, బిళ్లలుగా కోసి ఆరబెట్టేవారు.

రంగు నిలిచినా, చాలాచోట్ల గుడ్డ నిలవలేదు. పచ్చి పట్టును ఉడికించి జిగురు తీస్తే దాదాపు నాలుగోవంతు తూకం తగ్గుతుందని ధర్మవరం నేతన్నలను అడిగితే చెబుతారు. పట్టు తూకానికి అమ్ముడయ్యే సరుకు. అందుకే ఆ శతాబ్దం చివరికి ఐరోపా అద్దకందారులు తగరం లవణాలు పట్టించి బరువు పెంచేవారు. అలాంటి పట్టు కొత్తలో నిండుగా జాలువారుతుంది, కొన్నేళ్లకు పెళుసెక్కి నిలువునా చీలిపోతుంది. నెలల తరబడి కళ్లు పెట్టుకుని కుట్టిన ఆడవాళ్లకు ఇది అన్యాయమని నేను గట్టిగా అనుకుంటాను.

అమ్మమ్మల నాటి పట్టుచీరను తెరగా కుట్టించాలనుకునేవారు వెనుక మందపాటి నూలు అస్తరు వేయించండి. ఎండ నేరుగా పడే కిటికీకి మాత్రం వద్దు. ఆ పాత తెరల్లోనూ అస్తరు విప్పి వెనుకవైపు చూస్తే, ముందు నీలంగా మారిన అదే ఆకు అక్కడ ఇంకా పచ్చగా కనిపిస్తుంది.