పొడైన మల్చింగ్ పేపర్ మట్టిలో కలిసిపోయినట్టేనా?

యాంకర్: హలో, రైతు ఫోన్-ఇన్. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

రైతు: అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం పక్కన పల్లె సార్. జనవరిలో రెండెకరాల్లో కళింగర, అదే పుచ్చకాయ, పెట్టి మల్చింగ్ పేపర్ పరిచాను, బోదెల మీద కప్పే పలచటి ప్లాస్టిక్ షీటు. కాయ కోసి నెలన్నర అయింది. ఇప్పుడు పట్టుకుంటే అప్పడంలా పొడైపోతోంది. రోటావేటర్ కొట్టి దున్నేస్తే మట్టిలో కలిసిపోతుందంటాడు మా బావమరిది.

నిపుణురాలు: కొట్టారా అన్నా?

రైతు: లేదు మేడం, ట్రాక్టర్ దొరకలేదు.

నిపుణురాలు: దొరక్కపోవడమే మంచిదైంది. చేన్లోనే ఉన్నారా? బోదె అంచున మట్టి కప్పిన చోట జానెడు పేపర్ లాగి చూడండి.

రైతు: ఉండండి... ఇది గట్టిగానే ఉంది మేడం! సాగుతోంది గానీ తెగడం లేదు.

నిపుణురాలు: ఒకే రోలు, ఒకే రోజు పరిచారు. పైన ఎండ పడింది, అడుగున పడలేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలిథీన్ అణువుల గొలుసుల్ని తెంపుతాయి. తెగిన చోట గాలిలో ఆక్సిజన్ పట్టుకుంటుంది, మళ్లీ తెగుతుంది. వేడికి ఇది ఇంకా జోరందుకుంటుంది. మన ఏప్రిల్ ఎండ 40 దాటుతుంది, మీకు నేను చెప్పాలా! తీగ కమ్ముకున్న చోట చూడండి, పేపర్ ఇంత పెళుసుగా ఉండదు. పొడైందంటే ముక్క చిన్నదైంది, అంతే. అదింకా ప్లాస్టిక్కే. 5 మిల్లీమీటర్ల కంటే చిన్నవాటిని మైక్రోప్లాస్టిక్ అంటారు. రోటావేటర్ కొడితే వాటిని ఎండ తగలకుండా మీరే దాచినట్టు. ఏళ్లకేళ్లు అక్కడే పడి ఉంటాయి. ఏటా ఇలాగే పోగుపడితే నీళ్లు ఇంకడానికి, వేళ్లు పాకడానికి అడ్డం.

రైతు: మరి డ్రిప్ పైపు కూడా ఎండలోనే ఉంటుంది కదా?

నిపుణురాలు: దాంట్లో కార్బన్ బ్లాక్ అని సన్నటి మసి కలుపుతారు. ఎండను అదే మింగేస్తుంది. పైపు గోడ కూడా మందం. మీ పేపర్ ఎన్ని మైక్రాన్లు?

రైతు: 20 అనుకుంటా. చవగ్గా వచ్చిందని...

నిపుణురాలు: అంటే మిల్లీమీటరులో 50వ వంతు. ఎంత మసి కలిపినా అంత పలచటి పొర ఎన్నాళ్లు ఆగుతుంది? ఈసారి 25, 30 తీసుకోండి, కోత అయిన వారంలోనే ఎత్తేయండి. ఇప్పటికి డ్రిప్ పైపులు చుట్టి, అంచు మట్టిని పారతో వదులు చేసి లాగండి. పొడైంది చేత్తో ఏరి సంచిలో వేయాల్సిందే. గట్టున కాల్చొద్దు.

యాంకర్: మేడం, అంగట్లో మట్టిలో కలిసిపోయే పేపర్ అని కూడా అమ్ముతున్నారు.

నిపుణురాలు: అందులో రెండు రకాలు. సూక్ష్మజీవులు నిజంగా తినేసేది ఒకటి, దాని ధర ఎక్కువ. రెండోది మామూలు పాలిథీన్‌లో మందు కలిపి త్వరగా ముక్కలయ్యేలా చేసింది. ఈ రెండో రకం వస్తువుల అమ్మకాన్ని యూరోపియన్ యూనియన్ 2021లోనే ఆపేసింది. ముక్కలవుతుందా, మట్టవుతుందా అని అంగడాయన్ని అడగండి.

రైతు: రేపు రాత్రి గొర్రెల మంద తోలిస్తున్నాను మేడం.

నిపుణురాలు: అయ్యో, రెండు రోజులు ఆపండన్నా. గొర్రె ఆకుతో పాటు ఆ ముక్కలూ నమిలేస్తుంది, అవి కడుపులో ఉండిపోతాయి. ముందు ఏరించండి.

రైతు: సరే మేడం, మందాయనకి ఇప్పుడే ఫోన్ చేస్తా.