క్షమించే హక్కు ఎవరికి ఉండాలి?

అందరికీ నమస్కారం, అస్సలాము అలైకుం.

షరియా శిక్షలు అనగానే చాలామందికి చేతులు నరకడం, కొరడా దెబ్బలే గుర్తొస్తాయి. ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాల్లో కొన్నే వాటిని అమలు చేస్తాయి. సౌదీ కూడా, జడ్జి తన విచక్షణతో వేసే కొరడా దెబ్బలను 2020లో తీసేసి వాటి బదులు జరిమానా, జైలు పెట్టింది. నేను మాట్లాడాలనుకున్నది కిసాస్, దియా గురించి. విశాఖ నుంచి, శ్రీకాకుళం పల్లెల నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా మనవాళ్లు గల్ఫ్‌కి వెళ్తూనే ఉన్నారు కాబట్టి ఇది మన ఇంటి విషయమే.

హత్య జరిగితే, చనిపోయినవాడి వారసులు ప్రాణానికి ప్రాణం అడగొచ్చు, అదే కిసాస్. లేదా రక్తధనం, అంటే దియా తీసుకుని వదిలేయొచ్చు, ఏమీ తీసుకోకుండా క్షమించనూవచ్చు. ఖురాన్ రెండో సూరా, అంటే అధ్యాయం, 178వ ఆయత్‌లో, అంటే వాక్యంలో, ఈ క్షమ మాట ఉంది. మన దగ్గర హత్య కేసు ప్రభుత్వానికీ నిందితుడికీ మధ్య నడుస్తుంది, రాజీకి వీల్లేదు, కొడుకుని పోగొట్టుకున్న తల్లి సాక్షుల బెంచీ మీద కూర్చుంటుంది, అంతే. ఒకప్పుడు ఇక్కడ ఇలా లేదు. బెంగాల్లో నవాబుల కాలం నుంచి వారసులకున్న క్షమించే హక్కును 1790లో బ్రిటిష్ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ తీసేశాడు, ఆ తర్వాత 1860లో శిక్షాస్మృతి వచ్చింది.

సిరిసిల్ల ప్రాంతం వాళ్లు ఐదుగురు, దుబాయ్‌లో నేపాల్ వాచ్‌మన్ హత్య కేసులో దాదాపు 18 ఏళ్లు జైల్లో ఉన్నారు. మృతుడి కుటుంబానికి 15 లక్షల రూపాయలు ముట్టాయి, అయినా జైలు తలుపు వెంటనే తెరుచుకోలేదు, వాళ్లు ఇంటికొచ్చేసరికి 2024 వచ్చేసింది. కోజికోడ్ డ్రైవర్ ఒకాయన కోసం జనం 34 కోట్లు పోగుచేశారు, మరణశిక్ష రద్దయింది, కానీ 2025లో సౌదీ కోర్టు 20 ఏళ్ల జైలు వేసింది. ఎందుకంటే వారసుల హక్కు వేరు, సమాజం హక్కు వేరు అని అక్కడి కోర్టులే చూస్తాయి. ఈ తేడా తెలియక ఎన్నో కుటుంబాలు పొలం అమ్మేసి ఇక మనవాడు వచ్చేస్తాడని ఎదురుచూస్తాయి, ఆ టెన్షన్ నరకం.

నాకు ఈ పద్ధతిలో నచ్చింది, బాధితుల నోటికి విలువ ఉండడం. భయపెట్టేది, చంపినవాడూ క్షమించేవాడూ ఒకే ఇంటివాళ్లయితే ఏంటి అన్నది. పాకిస్తాన్‌లో 1990లో కిసాస్, దియా చట్టం వచ్చాక, పరువు పేరుతో చెల్లెల్ని చంపిన అన్నని తండ్రే క్షమించేసే దారి దొరికింది. 2016లో సోషల్ మీడియాలో పేరున్న ఖందీల్ బలోచ్ అనే అమ్మాయిని సోదరుడే చంపాక, కుటుంబం క్షమించినా యావజ్జీవం తప్పదని చట్టం మార్చారు. అయినా ఆ సోదరుణ్ణి 2022లో హైకోర్టు వదిలేసింది! చచ్చిపోయిన ఆడపిల్ల తరఫున క్షమించడానికి వీళ్లెవరు? డబ్బిచ్చి క్షమ కొనుక్కోగలిగిన ధనవంతుడి విషయంలోనూ నా ప్రశ్న ఇదే. కాబట్టి బాధిత కుటుంబం మాట కోర్టు తప్పకుండా వినాలి, శిక్ష మాత్రం కోర్టే తేల్చాలి అంటాను.

నేను ఇంతటితో ఆపుతాను. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు, ముందు వాళ్లకి మైకు ఇవ్వండి.